ఇన్సులిన్ ఒకరిది, సూది ఇంకొకరికి

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
ఆసుపత్రి యాజమాన్య సంస్థ,
బెంగళూరు.

విషయం: మీ ఆసుపత్రి వార్డులో మా అమ్మకు పక్క బెడ్ పేషెంట్ ఇన్సులిన్ వేయడం, ఆ సంగతి డిశ్చార్జ్ సమ్మరీలో రాయకపోవడం గురించి.

అయ్యా,

గత నెల మా అమ్మ లక్ష్మీదేవికి మీ ఆసుపత్రిలో కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్ బాగా చేశారు. సర్జన్ గారి మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. నేను రాస్తున్నది ఆ మర్నాడు రాత్రి ఇద్దరు పేషెంట్లుండే రూములో జరిగిన దాని గురించి. దీని మీద మీ పేషెంట్ రిలేషన్స్ వాళ్ళు ఇచ్చిన జవాబు నాకు సమ్మతం కాదు, అందుకే నేరుగా మీకే రాస్తున్నాను.

మాది కదిరి. అమ్మకు తెలుగు తప్ప ఇంకో భాష రాదు. పక్క బెడ్‌లో ఉన్న పెద్దావిడ తుమకూరు వైపు మనిషి, పేరు లక్ష్మమ్మ. ఆవిడకు రాత్రి భోజనానికి ముందు ఇన్సులిన్ వేయాలి. మా అమ్మకూ షుగరు ఉంది గానీ మాత్రలతోనే సరిపోతుంది, అవి కూడా ఆపరేషన్ కోసం ఆపించారు. నేను కింద ఫార్మసీ క్యూలో ఉండగా నర్సు ట్రే పట్టుకుని వచ్చి, అమ్మ వైపు చూసి "లక్ష్మమ్మా?" అని అడిగిందట. అమ్మ "ఆఁ" అంది. ఊళ్ళో అందరూ ఆమెను పిలిచేది అలాగే మరి. నొప్పులకేమో అనుకుని సూది వేయించుకుంది. మత్తు తాలూకు వాంతులతో మధ్యాహ్నం నుంచి కాస్త మజ్జిగ తప్ప ఆమె కడుపులోకి ఏమీ పోలేదు.

నేను పైకి వచ్చేసరికి దిండు తడిసేలా చెమటలు, చేతులు వణుకు, మాట ముద్దగా వస్తోంది. కౌంటర్‌లో చెబితే ఆపరేషన్ తర్వాత నీరసం మామూలే అన్నారు. ఇంతలో పక్కావిడ కోడలు క్యారియర్ తెచ్చి, "మా అత్తకి ఇన్సులిన్ ఇంకా వేయలేదేం?" అని కన్నడంలో గట్టిగా అడిగింది. అప్పటికి గానీ ఎవరికీ అనుమానం రాలేదు. అమ్మ వేలికి గుచ్చి చూస్తే షుగరు 46. డెబ్బైకి తగ్గితేనే జాగ్రత్త పడాలంటారు, 54 కన్నా దిగితే ఆలస్యం చేయకూడదంటారు. డ్యూటీ డాక్టరు పరుగెత్తుకొచ్చి గ్లూకోజ్ ఎక్కించారు. తెల్లవార్లూ గంటగంటకూ చూస్తూ ఉన్నారు. అమ్మ కోలుకుంది. ఇందులో మీ పద్ధతి గొప్ప ఏమీ లేదు, ఆ కోడలు నోరున్న మనిషి కావడం మా అదృష్టం.

నా మెయిల్‌కు మీ వాళ్ళు ఇచ్చిన జవాబులో మూడు మాటలున్నాయి. "పేషెంటే తన పేరు అవునని ధ్రువీకరించారు" అన్నది ఒకటి. సంబంధిత నర్సును విధుల నుంచి తొలగించాం అన్నది రెండోది. బిల్లులో కొంత తగ్గిస్తాం, ఇక ఏ ఫిర్యాదూ లేదని సంతకం చేయండి అన్నది మూడోది. నేను సంతకం చేయలేదు, చేయను.

మొదటి మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నొప్పితో, మత్తుతో, తెలియని భాష మధ్య పడుకున్న ముసలావిడ ఎవరేం అడిగినా "ఆఁ" అనే అంటుంది. దాన్ని ధ్రువీకరణ అంటారా? మా ఇంటికి గ్యాస్ సిలిండర్ తెచ్చే అబ్బాయి కూడా "మీరు ఫలానా వాళ్ళేనా" అని ఊరుకోడు, ఫోన్‌కి వచ్చిన నంబరు మా నోట చెప్పించుకుని గానీ దించడు. పేరు, ఆసుపత్రి నంబరు రాసి అమ్మ చేతికి కట్టిన పట్టీ ఏమైందని మీరు విచారించారా? థియేటర్‌లో సెలైన్ సూది పెట్టడానికి దాన్ని కత్తిరించి, కేస్ షీట్‌కు టేపుతో అంటించారు. మళ్ళీ చేతికి కట్టలేదు. ఆ ఫొటో జతచేశాను.

విచిత్రమేమిటంటే, అదే ఆసుపత్రిలో థియేటర్ తలుపు లోపల ఎంత జాగ్రత్తో! ఆపరేషన్ రోజు అమ్మ చేత పేరు చెప్పించారు, తెలుగు వచ్చిన టెక్నీషియన్‌ను పిలిపించి మరీ ఏ కాలో అడిగారు, మోకాలి మీద పెన్నుతో బాణం గుర్తు వేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన 19 అంశాల సర్జరీ చెక్‌లిస్ట్ పద్ధతి అదని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రుల్లో దాన్ని పాటించి చూస్తే ఆపరేషన్ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయట. కొత్త యంత్రం కొన్నది లేదు, అడగాల్సింది అడిగారు, అంతే. వార్డులోకి వచ్చేసరికి ఆ అలవాటు ఎక్కడికి పోయింది? మందు ఇచ్చే ముందు పేషెంట్‌ను పేరు, ఆసుపత్రి నంబరు లాంటి కనీసం రెండు గుర్తులతో పోల్చుకోవాలని, రూము నంబరు అందులో లెక్కకు రాదని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2007లో చెప్పింది. మీ లాబీలో ఫ్రేము కట్టి పెట్టిన ఎన్ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతకు ఇచ్చే) గుర్తింపు కూడా రెండు గుర్తులు చూడమనే చెబుతుంది.

ఇక నర్సును తొలగించడం. మాకు అది అక్కర్లేదు. ఆ అమ్మాయి మలయాళీ, వచ్చీరాని కన్నడంలో నెట్టుకొస్తోంది. ఆ వేళకు తోటి నర్సు ఒక పేషెంట్‌ను ఐసీయూకి తీసుకెళ్ళడంతో వార్డంతా ఒక్కతే చూసుకుంటోంది. రేపు ఆమె స్థానంలో వచ్చే అమ్మాయీ పేరు పెట్టి పిలుస్తుంది, ఇంకో లక్ష్మమ్మ "ఆఁ" అంటుంది. పైగా తప్పు బయటపడితే ఉద్యోగం పోతుందని తెలిసిన వాళ్ళు ఈసారి షుగరు 46 అని పుస్తకంలో రాస్తారా?

మీరే రాయలేదు. డిశ్చార్జ్ సమ్మరీలో "ఆపరేషన్ అనంతరం కోలుకోవడం సాధారణం" అని ఉంది. ఇన్సులిన్ మాట లేదు, షుగరు పడిపోయిన మాట లేదు. రేపు కదిరిలో అమ్మను చూసే డాక్టరు గారికి ఇది ఎలా తెలియాలి?

నాకు కావలసింది చెబుతాను. సమ్మరీని సరిదిద్ది, జరిగింది జరిగినట్టు రాసి ఇవ్వండి. ఆ రాత్రి నర్సుల నోట్సు, మందుల చార్టు, షుగరు రీడింగులు కాపీలు ఇవ్వండి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళిలోనే ఉంది. ఈ లేఖనే ఆ అభ్యర్థనగా తీసుకోండి. ఆ రాత్రి వార్డులో ఎంతమంది పేషెంట్లకు ఎంతమంది నర్సులున్నారో, మీ విచారణలో ఏం తేలిందో రాతపూర్వకంగా చెప్పండి. పక్క బెడ్ వాళ్ళకు కూడా ఏం జరిగిందో చెప్పండి, ఆ ఇన్సులిన్ ఆవిడకు వేయాల్సిందే కదా.

వార్డులో పద్ధతి మార్చండి. "మీరు ఫలానానా?" అని కాకుండా "మీ పేరేంటమ్మా?" అని అడిగి, పేషెంట్ నోటితో వచ్చిన పేరును, పట్టీ మీది ఆసుపత్రి నంబరును చార్టుతో పోల్చుకోవాలి. పుట్టినతేదీ మీద మాత్రం ఆధారపడకండి, అమ్మలాంటి చాలామందికి ఆధార్‌లో జనవరి 1 అనే ఉంటుంది. ఆ ఒక్క ప్రశ్నను కన్నడం, తెలుగు, తమిళం, హిందీలో అట్ట మీద రాసి ప్రతి ట్రేకూ తగిలిస్తే ఖర్చెంతవుతుంది? పట్టీ కత్తిరించిన వాళ్ళే అక్కడికక్కడ కొత్తది కట్టాలి. ఇన్సులిన్ లాంటి మందు ఇంకో నర్సు చూడనిదే ఎవరికీ వేయకూడదు.

బిల్లు తగ్గింపు వద్దు, పూర్తి మొత్తం కట్టేశాం. ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే, కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద జిల్లా ఫిర్యాదుల ప్రాధికార సంస్థకు, వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. ఆ నర్సమ్మాయిని తిరిగి ఉద్యోగంలోకి తీసుకున్నారో లేదో కూడా ఆ జవాబులో తెలపండి.

ఇట్లు,
పేషెంట్ లక్ష్మీదేవి గారి కూతురు

జత: డిశ్చార్జ్ సమ్మరీ కాపీ, చేతి పట్టీ ఫొటో, మీ విభాగం పంపిన మెయిల్, సంతకం చేయని అంగీకార పత్రం.