రోలు అక్కడే ఉంది

గిర్మాజీపేట, వరంగల్

దోస్తూ,

వంటింటి మరమ్మతు ఎంతవరకు వచ్చిందని మొన్న ఫోన్‌లో అడిగితే "నడుస్తోంది" అని తప్పించుకున్నాను. ఇవాళ తాపీ పని చేసే సుతారి రాలేదు, ఆయన మేనకోడలి పెళ్లట. ఇంట్లో చప్పుడు లేదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నా. మా పాత వంటిల్లు నీకు గుర్తుందిగా? పదో తరగతి పరీక్షలప్పుడు ఇద్దరం ఆ కడప మీద కూర్చునేవాళ్లం. అమ్మ పొయ్యి ఊదుతుంటే పొగకు కళ్లు మండుతున్నాయని చెప్పి పుస్తకాలు మూసేసేవాళ్లం.

ముందు ఒక నిజం చెప్తా. పాతది ఉండాలని పట్టుబట్టింది నేను. మొత్తం తీసి పారేయమన్నది అమ్మ. "నలభై ఏండ్లు వంగి వండిన. నువ్వు ఒక్కనాడన్న ఊదుగొట్టం పట్టినవా?" అన్నది. నేనేం మాట్లాడతాను? కట్టెల పొయ్యి ఆ రోజే పోయింది.

హన్మకొండ నుంచి ఒక డిజైనర్‌ని పిలిపించాం. కంప్యూటర్‌లో బొమ్మ గీసి చూపించాడు. ఎర్రగా మెరిసే తలుపుల అల్మారాలు, గోడకు ఎద్దుల బండి చక్రం. చక్రం ఎందుకయ్యా అంటే తెలంగాణ లుక్కట! మా తాతకు బట్టల బజార్‌లో మడిగె ఉండేది, జన్మలో బండి తోలలేదు. ఆ డిజైనర్‌కు చాయ్ పోసి పంపించేశాం.

అసలు కథ గోడలది. రెండడుగుల మందం, రాయీ మట్టీ పెట్టి కట్టి, పైన గానుగలో నూరిన డంగు సున్నం పూసినవి. 2003లో బాపు వాటి మీద సిమెంటు కొట్టించి, నడుము ఎత్తు దాకా తెల్ల టైల్స్ వేయించాడు. అప్పటి నుంచి ప్రతి వానాకాలం నాలుగు టైల్స్ ఉబ్బి రాలేవి, గోడ మీద తెల్లగా ఉప్పు పూసేది. పైకప్పు కారుతోందని ఒకసారి, పైపు పగిలిందని ఒకసారి ఎంత డబ్బు పోశామో! ఈ సుతారి పెద్దాయన గోడ మీద చెయ్యి పెట్టి రెండు నిమిషాల్లో తేల్చేశాడు. నేలలోని తడి గోడలోకి పాకుతుంది, సున్నమైతే దాన్ని బయటికి వదిలేస్తుంది, సిమెంటు లోపలే బిగబట్టి ఉంచుతుంది. ఆ తడి ఆరినచోట ఉప్పు గడ్డకట్టి టైల్‌ను తోసేస్తుంది. ఇంతే సంగతి.

సిమెంటు మొత్తం చెక్కించి మళ్లీ సున్నమే పూయించాం. నానబెట్టిన సున్నం, ఇసుక, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు. వారం రోజులు ఇల్లంతా ఏదో కషాయం కాచినట్టు వాసన. సున్నం గాలి పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది, తొందరపెడితే పగుళ్లే. మూడు పూతలకు మూడు వారాలు పట్టింది. పక్కింటి చిన్నాయన రోజూ వచ్చి "ఇంకా తడే ఉన్నదా?" అని అడిగి పోయేవాడు. పొయ్యి వెనక మాత్రం నూనె చిల్లుతుంది కదా, అక్కడ గ్రానైట్ పట్టీ పెట్టాం. అంత మేరకు మొండితనం తగ్గించుకున్నా.

కింద షాబాదు బండలు అవే. షాబాదు ఇప్పుడు కర్ణాటకలో ఉంది గానీ, 1956కు ముందు అదీ మనదీ ఒకటే హైదరాబాదు రాజ్యం, మన పాత ఇళ్లలో ఎక్కడ చూసినా ఆ రాయే. బండలు విప్పి, సుద్దముక్కతో నంబర్లు వేసి, సాపు చేసి మళ్లీ పరిచాం. వెయ్యి స్తంభాల గుడి కల్యాణ మంటపం విప్పి మళ్లీ కట్టి 2024 శివరాత్రికి తెరిచారు కదా, మాదీ ఆ లెవెల్ పని అని మా అక్క వెక్కిరింపు. అంతా అయ్యాక ఒక పిల్లగాడు మరకలు పోవాలని యాసిడ్ పోశాడు. బుసబుస నురగ! అది సున్నపు రాయి, చింతపండు పులుసు ఒలికినా మచ్చ పడుతుంది, ఇక యాసిడ్ అంటే తినేయడమే. తలుపు దగ్గర రెండు బండలు గరుకైపోయాయి. నేను లబలబలాడితే అమ్మ "మంచిగైంది, కాలు జారది" అన్నది.

వంట గట్టు గురించి నువ్వూ నేర్చుకో, నీ ఫ్లాట్‌లో పనికొస్తుంది. ఎవరినడిగినా 34 అంగుళాలు అంటారు. అమ్మ ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. మోచేతి కంటే నాలుగైదు అంగుళాలు కిందికి ఉండాలని కొలిస్తే తనకు 30 వచ్చింది. పొయ్యి వైపు 30, బోళ్లు తోమే వైపు మా ఆవిడకు 34. మధ్యలో మెట్టు పడింది, చూడటానికి వింతగానే ఉంది, ఉండనీ. గట్టు రాయి కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్, కాఫీ రంగుది. గోడలోని మూడు దిగూళ్లు అలాగే ఉంచాం. దీపం పెట్టే దాంట్లో దీపమే, అగ్గిపెట్టె దాంట్లో ఇప్పుడు మిక్సీ ప్లగ్గు.

ఇక రోలు. నడిమధ్యలో జానెడు పైకి ఉండేది, గుర్తుందా? నీ కాలికీ తగిలింది. తీసేయమని అమ్మ, వద్దని నేను. చివరికి తవ్వడం మొదలుపెడితే అడుగున్నర లోతుకు పోయినా రాయి అందలేదు. సాయంత్రం అమ్మ వచ్చి గుంతలోకి చూసి, "పూడ్చుండ్రి. ఇది తీస్తే మళ్ల నేలంతా తవ్వుతరు" అన్నది. అంతే, ఇంకే సెంటిమెంటూ లేదు. సుతారే ఉపాయం చెప్పాడు. రోలు చుట్టూ అదే ఎత్తున ఆరడుగుల గద్దె కట్టి, పైన బండలు పరిచాడు. వడ్లాయన టేకు మూత చేసిచ్చాడు. ఇప్పుడు తగిలే పని లేదు. పైన నాలుగు గూనపెంకులు తీసి అద్దం పెంకులు పెట్టించాం, పొద్దున వెలుతురు సరిగ్గా గద్దె మీద పడుతుంది. సంక్రాంతికి బట్ట పరిచి సకినాలు చుట్టే జాగా ఇదేనని అమ్మ అప్పుడే చెప్పేసింది. నిలబడి సకినాలు ఎవరు చుడతారు, నువ్వే చెప్పు.

ఒక్కటి మాత్రం ఎవరికీ తట్టలేదు. నాలుగు బర్నర్ల కొత్త అద్దం పొయ్యి మీద అమ్మ సర్వ గిన్నె నిలవడం లేదు! దాని అడుగు గుండ్రం కదా. నిన్న సర్వపిండి పెడితే ఒక పక్కకు ఒరిగి సగం మాడింది, సగం పచ్చి. మాడింది నాకు పెట్టింది. రేపు ఇనుప చుట్టు చేయించుకు రావాలి.

సెలవు దొరికితే పండుగకు రా. గద్దె సందులు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, వచ్చీ రాగానే ఎక్కి కూర్చోకు.

నీ దోస్తు