అరెస్టు నోటీసు వచ్చినంత మాత్రాన జైలు కాదు

సంపాదకులకు నమస్కారాలు.

నేను పలాస ప్రాంతంలో ముప్పై ఏళ్లు ప్లీడరు గుమాస్తాగా పనిచేశాను. మొన్న మా వీధిలోని ఒక జీడి రైతు, మడతలు నలిగిన కాగితం చేతికిచ్చి, ‘నన్నెప్పుడు పట్టుకుపోతారు బాబూ?’ అని అడిగాడు. అది ప్రోనోటు బాకీ కట్టమని కోర్టు ఇచ్చిన డిక్రీ (తీర్పు) అమలు కోసం, ఆయనను సివిలు జైలుకు ఎందుకు పంపరాదో వాయిదా నాటికి చెప్పుకొమ్మంటూ వచ్చిన నోటీసు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు తోట కూలిపోయిన నాటి నుంచి తీరని అప్పది. జైలు తప్పదని అప్పిచ్చినాయన మనిషి చెప్పి వెళ్లడంతో, అప్పటికే ఆయన భార్య చెవి కమ్మలు తాకట్టుకు వెళ్లాయి.

ఇటువంటి తగాదాలోనే 1980 ఫిబ్రవరి 4న సుప్రీంకోర్టు జాలీ జార్జి వర్గీస్ కేసులో తీర్పు ఇచ్చింది. కొచ్చిన్ బ్యాంకుకు బాకీపడినవారిపై వారెంటు జారీ కాగా, కేరళ హైకోర్టులో ఊరట దొరకక వారు అప్పీలుకు వెళ్లారు. బాకీ కట్టలేకపోవడం ఒక్కటే జైలుకు కారణం కాదని, కట్టే స్తోమత ఇప్పుడు ఉండాలని, లేదా ఉన్ననాడు కావాలని ఎగ్గొట్టిన దురుద్దేశమైనా కనబడాలని జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో స్పష్టంగా రాశారు. ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణనిచ్చే రాజ్యాంగం 21వ అధికరణాన్నీ, ఒప్పందం నెరవేర్చలేనందుకే ఎవరినీ బంధించరాదన్న అంతర్జాతీయ ఒడంబడికనూ ఆధారం చేసుకుని, విచారణ మళ్లీ జరపమని కింది కోర్టుకు పంపారు.

దీనివల్ల అప్పిచ్చినవారి హక్కు పోదు. బాకీ బాకీగానే ఉంటుంది, ఆస్తి ఉంటే జప్తు కోరవచ్చు. అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 51వ సెక్షను ప్రకారం, అరెస్టుకు ముందు బాకీదారు మాట విని, కారణాలు రాసి మరీ ఉత్తర్వు ఇవ్వాలి. డబ్బు డిక్రీకి ఆడవారిని అరెస్టు చేయడానికే వీల్లేదు. ఇవేవీ తెలియక, కోర్టు గడప తొక్కితే అక్కడే పట్టుకుంటారన్న భయంతో వాయిదాకు వెళ్లకుండా ఉండిపోయి, ఆ గైరుహాజరు వల్లే వారెంటు తెచ్చుకున్నవారిని నేను ఎందరినో చూశాను. నా సర్వీసులో నన్ను ఎక్కువగా బాధించిన సంగతి ఇదే.

పొలం వివరాలుండే అడంగల్ నకలు, తాకట్టు రసీదు పట్టుకుని, నోటీసుకు జవాబుగా కౌంటరు వేయించడానికి వచ్చే వాయిదాకు ఆ రైతు వెంట నేనూ వెళ్తున్నాను. ఇటువంటి ప్రతి నోటీసుతో పాటు, బాకీదారు ఏం చెప్పుకోవచ్చో, ఉచిత వకీలు కోసం ఎవరిని అడగాలో సులభమైన తెలుగులో అచ్చువేసిన ఒక కాగితం జతచేసే ఏర్పాటు చేయాలని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్లీడరు గుమాస్తా,
పలాస, శ్రీకాకుళం జిల్లా.