సాల్ట్ లేక్ లోయ తెలుగువారికి కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నియమావళిలో ఉంది. ఆ నియమం లేకపోయినా ఈసారి చదివేదాన్నే. చేసిన పని చెప్పుకోకపోతే వచ్చే ఏడాది చేసేవాళ్లు దొరకరు.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. ఫోటోలు అందరూ చూసేశారు. ఉగాది పచ్చడికి ఎండు వేపపువ్వు ఇండియా నుంచి డబ్బాలో మోసుకొచ్చిన పెద్దమ్మగారికి, దీపావళి రాత్రి హాలు ఊడ్చి తాళం వేసిన ముగ్గురు కాలేజీ పిల్లలకు ప్రత్యేక కృతజ్ఞతలు. హాలు శుభ్రం చేస్తామని వాట్సాప్‌లో పేర్లిచ్చిన మిగతావాళ్లు ఎక్కడున్నారో ఇప్పటికీ తెలియదు.

కిందటి సమావేశంలో ఒక సభ్యుడు, "ఇది మోర్మన్ల రాష్ట్రం, ఇక్కడి చరిత్రతో మనకేం పని?" అన్నారు. మోర్మన్లంటే ఇక్కడ ఎక్కువగా ఉండే ఒక క్రైస్తవ శాఖవాళ్లు. ఆ మాట పట్టుకునే ఈ ఏడాది మనముండే ఈ అమెరికా రాష్ట్రం యూటా చరిత్ర మీద రెండు కార్యక్రమాలు పెట్టాం.

మొదటిది మే 10న ప్రోమాంటరీ బస్సు యాత్ర. ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోగలిగింది ఇదే. తూర్పు నుంచి వచ్చిన రైలు మార్గం, పడమటి నుంచి వచ్చిన మార్గం 1869లో కలిసింది అక్కడే. ఏటా అదే రోజున వేషాలు వేసుకుని ఆ ఘట్టాన్ని మళ్లీ ఆడి చూపిస్తారు. ఆనాడు ఎదురెదురుగా నిలిచిన జూపిటర్, 119 నంబరు ఇంజన్ల నమూనాలు ఆవిరి కక్కుతూ ఎదురెదురుగా వచ్చి ఆగితే, పిల్లలకంటే తాతగార్లే ఎక్కువ కేకలు వేశారు. రెండు మార్గాలు కలిసినప్పుడు గుర్తుగా పెట్టిన బంగారు మేకు మాత్రం అక్కడ లేదు, అసలుది కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం దగ్గర ఉంది.

1869లో ఆ కలయికకు 12 రోజుల ముందు, ఏప్రిల్ 28న, పడమటి కంపెనీవాళ్లు ఒక్క రోజులో 10 మైళ్ల పట్టాలు వేశారు. పట్టాలు మోసిన ఎనిమిది మంది ఐరిష్ కూలీల పేర్లు రికార్డులో ఉన్నాయి. వాళ్లతో పాటు ఆ రోజు చెమటోడ్చిన చైనా కూలీల పేర్లు లేవు. పడమటి వైపు మార్గమంతా కొండలు తొలిచి వేసిన చైనావాళ్లు 10,000కు పైనే. అయినా రెండు ఇంజన్ల మధ్య తీసిన ఆ ప్రసిద్ధ ఫోటోలో ఎంత వెతికినా ఒక్క చైనా ముఖం స్పష్టంగా దొరకదు. సొమ్మొకడిది, సోకొకడిది. 2014లో వాళ్ల వారసులు అదే చోట నిలబడి మళ్లీ ఫోటో తీయించుకున్నారు.

మన గ్రూపు ఫోటో ఇంటికొచ్చి చూస్తే, తెల్లవారుజామున లేచి పులిహోర కలిపిన నలుగురు ఆడవాళ్లు అందులో లేరు. అప్పుడు వాళ్లు బస్సు దగ్గర ప్లేట్లు సర్దుతున్నారు. వచ్చే యాత్రలో ముందు వాళ్లను నిలబెట్టాకే కెమెరా తీయాలని మనవి.

రెండోది జూలై 24, పయనీర్ డే సెలవు రోజున పార్కులో పిల్లల సభ. 1847లో మోర్మన్ల నాయకుడు బ్రిగమ్ యంగ్ ఈ లోయకు చేరింది ఆ రోజే. ఆయనకంటే కాస్త ముందొచ్చిన జట్టుకు నేల ఎంత గట్టిగా తగిలిందంటే, నాగళ్లు విరిగితే సిటీ క్రీక్ అనే వాగుకు అడ్డుకట్ట వేసి, నీళ్లు మళ్లించి, నేల నానాక దున్నారు. ఇది విని గోదావరి జిల్లా మామయ్యగారొకరు లేచి పది నిమిషాలు కాలువల మీద మాట్లాడారు. ఆపడం ఎవరి తరమూ కాలేదు.

ఆ తొలి జట్టులో గ్రీన్ ఫ్లేక్, హార్క్ లే, ఆస్కర్ క్రాస్బీ అనే ముగ్గురు నల్లజాతి బానిసలూ ఉన్నారని మాలో చాలామందికి తెలియదు. 1852లో ఇక్కడి శాసనసభ బానిసత్వాన్ని చట్టబద్ధం చేసింది. 1862లో అమెరికా కాంగ్రెస్ దాన్ని రద్దు చేసింది. ఈ రాష్ట్రానికి పేరిచ్చిన యూట్ ఆదివాసుల గురించి, 1863 జనవరి 29న బేర్ నది ఒడ్డున సైన్యం వందల మంది షొషోనీ ఆదివాసులను చంపడం గురించి చెప్పినప్పుడు పిల్లలు చాలాసేపు ప్రశ్నలడిగారు. మన దగ్గర అన్నిటికీ జవాబుల్లేవు. 1889 నుంచి 1917 దాకా స్కల్ వ్యాలీ ఎడారిలో హవాయి మోర్మన్లు ఐయోసెపా అనే ఊరు కట్టుకుని బతికారన్నది నాకూ కొత్తే.

మూడో కార్యక్రమం జరగలేదు. డెల్టా ఊరి దగ్గర టోపాజ్ శిబిరంలో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942 నుంచి 1945 వరకు, జపనీస్ అమెరికన్లను నిర్బంధించారు. ఒక దశలో అక్కడ 8,000 మందికి పైగా ఉన్నారు. అక్కడికి వెళ్దామని అక్టోబరులో తేదీ కూడా పెట్టాం. పేర్లిచ్చిన వాళ్లలో సగం మంది ముందు రోజు రాత్రి మానుకున్నారు. బస్సు అడ్వాన్సు పోయింది, నా టెన్షన్ వేరే.

జమాఖర్చుల కాగితం కోశాధికారి మీ కుర్చీల మీద పెట్టారు. స్వల్ప లోటు ఉంది, విరాళాలతో పూడింది. దీపావళి హాలు డిపాజిట్ మాత్రం ఇంకా రాలేదు. ఆ ఆఫీసులో ఫోన్ ఎత్తేవాళ్లే లేరు. రైలు మార్గానికి మట్టి పని చేసిన మోర్మన్లకూ రైలు కంపెనీ డబ్బు నాన్చి, చివరికి కొంత బాకీకి రైలు సామగ్రి అంటగట్టింది. వాళ్లు దానితో ఆగ్డెన్ నుంచి సాల్ట్ లేక్ సిటీకి లైను వేసుకుని 1870లో రైలు నడిపారు. మనకు ఇనుప సామాను ఇస్తామన్నా తీసుకుంటాం.

సంయుక్త కార్యదర్శి పదవికి ఇంతవరకు ఒక్క నామినేషనూ రాలేదు. సమావేశం ముగిసేలోపు ఇవ్వవచ్చు. ప్రోమాంటరీ బస్సులో మర్చిపోయిన రెండు స్టీలు క్యారేజీలు మే నుంచి మా ఇంట్లోనే ఉన్నాయి. ఎవరివో వచ్చి పట్టుకెళ్లండి.