కలిసి రాసిన దానికీ మార్కులివ్వాలి

అయ్యా,

కావలిలో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం సెమిస్టర్‌ కోర్సుల్లో 40 శాతం దాకా కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో చదవొచ్చు. మంచిదే. కానీ ఒంటరిగా వీడియో చూసి క్విజ్‌లో టిక్కులు పెట్టడమే చదువైపోతే ఎలా? మొన్న నలుగురికి కలిపి రొయ్యల చెరువు ఖర్చుల మీద ఒకే గూగుల్ డాక్యుమెంట్ ఇచ్చాను. క్లాసులో నోరు విప్పని జువ్వలదిన్నె అమ్మాయి మేత, కరెంటు, నీటికి గాలి అందించే ఏరియేటర్ల డీజిల్ విడివిడిగా లెక్కగట్టింది. ‘మేత ధర ఇది కాదు, మా నాన్నను అడిగా’ అని ఇంకో అబ్బాయి పక్కనే కామెంట్ పెట్టాడు. రాత్రి పదింటిదాకా వాదించుకున్నారు! ఎవరు ఏం రాశారో వెర్షన్ హిస్టరీలో కనిపిస్తుంది కాబట్టి, ఒకరి కష్టానికి అందరూ మార్కులు కొట్టేస్తారన్న టెన్షన్ అక్కర్లేదు. యూనివర్సిటీలు ఇంటర్నల్ మార్కుల్లో ఈ పనికి చోటివ్వాలి. ఇంట్లో ఒక్కటే ఫోనున్న పిల్లల కోసం సాయంత్రాలు కూడా కాలేజీ ల్యాబ్ తెరిచి ఉంచాలి.

- ఒక అధ్యాపకురాలు, కావలి, నెల్లూరు జిల్లా