ముందు ఎడమ లేన్ ఖాళీ చేయించండి

సంపాదకులు గారికి,

నమస్కారం. హైవేల మీద లేన్ పాటించని లారీలకు చలానాలు వేయాలని ఈమధ్య చాలామంది గట్టిగా అడుగుతున్నారు. అడిగేవాళ్ళలో ఎక్కువమంది కార్లవాళ్ళే. వాళ్ళ బాధ నిజమే. కానీ హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద ఏళ్ళ తరబడి బస్సు నడిపి రిటైరైన నాకు ఇందులో ఇంకో సంగతి కూడా కనిపిస్తోంది. లారీ కుడి లేన్‌లోకి ఎందుకొస్తోందో చూడకుండా చలానా రాస్తే, ఆ డబ్బులు కట్టేసి మళ్ళీ కుడి లేన్‌లోనే పోతుంది.

రూలులో తికమకేమీ లేదు. బండి ఎడమవైపు నడపాలి, ముందున్నదాన్ని దాటేటప్పుడు కుడికి రావాలి, దాటాక మళ్ళీ ఎడమకు పోవాలి. 2017లో కేంద్రం తెచ్చిన డ్రైవింగ్ రెగ్యులేషన్లను అతిక్రమిస్తే, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, దాని 177ఎ సెక్షన్ కింద 500 నుంచి 1,000 రూపాయల దాకా జరిమానా ఉంది. అంటే కుడి లేన్ స్పీడుగా పోయేవాడి సొత్తు కాదు. దాటుతున్నవాడికి ఆ కాసేపు ఇచ్చేది.

ఇక్కడ కార్లవాళ్ళు కూడా పొరబడుతున్నారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద వైపుకు నాలుగు లేన్లున్నాయి. 2023లో కుడి పక్క రెండు లేన్లకు 120, ఎడమ పక్క రెండింటికి 80 అని స్పీడు పరిమితి పెట్టారు. ఆ లెక్క అక్కడికి బాగానే ఉంది. అదే అలవాటుతో పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ దిగి 65వ నంబర్ హైవే, అంటే ఈ విజయవాడ రోడ్డు ఎక్కుతారు. మల్కాపూర్ దాటితే ఇక్కడ వైపుకు ఉండేవి రెండే లేన్లు. ‘నేను వందలో పోతున్నా, ఇంకెవరికి దారివ్వాలి’ అని కుడి లేన్‌లో తిష్ఠవేసిన కారుదీ, అరవైలో పోతూ అక్కడే ఉన్న లారీదీ తప్పు ఒకటే. కారువాడికి మాత్రం అది తప్పని ఎవరూ చెప్పరు.

ఇప్పుడు ఒకసారి లారీ క్యాబిన్‌లో కూర్చుని ఎడమ లేన్ వైపు చూడండి. చేత్తో సైగ చేసి ఉన్నపళంగా ఆగిపోయే షేర్ ఆటో. వెనక లైటు లేకుండా గడ్డి లోడుతో పోయే ట్రాక్టర్. రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకు, దాని మీద పాలక్యాన్లు. ఇంకొంచెం ముందుకు పోతే పంక్చరై ఆగిన టిప్పరు, దాని వెనక హెచ్చరికగా పెట్టిన నాలుగు రాళ్ళు, ఒక వేపకొమ్మ. రిపేరు అయ్యాక టిప్పరు వెళ్ళిపోతుంది, రాళ్ళు మాత్రం అక్కడే ఉంటాయి. తెల్లారుజామున ఏ బైకువాడో వాటికి తగిలి పడతాడు. లారీలో, కారులో రిఫ్లెక్టర్ త్రికోణం ఉండాలని అందరికీ తెలుసు. దాన్ని బయటికి తీసి రోడ్డు మీద పెట్టినవాణ్ణి చూడటం మాత్రం అరుదు.

లోడు బండి ఒకసారి బ్రేకు కొడితే మళ్ళీ పికప్ అందుకోవడానికి కింది గేరు నుంచి మొదలుపెట్టి రావాలి. తాగిన డీజిల్‌కి ఓనర్ లెక్క అడుగుతాడు. అందుకే దూరాలు తిరిగే లైన్ లారీ డ్రైవర్ ఎడమ లేన్‌ను నమ్మడు. టోల్‌గేట్ దాటీ దాటగానే కుడికొచ్చి, ఒకే స్పీడు పట్టుకుని పోతాడు. వెనక నుంచి లైట్లు కొట్టినా, హారన్ మోగించినా కదలడు. అది మొండితనమని మనం తిట్టుకుంటాం. కొంత మొండితనం ఉన్నమాట నిజమే, కానీ ఎక్కువ భాగం భయమే.

దీనికి తోడు రెండు లారీల ఓవర్‌టేక్ ఒకటుంది. ముందున్నది 60లో పోతుంటే వెనకది 65లో దాటాలనుకుంటుంది. బండ్ల పొడవు, ముందూ వెనకా వదలాల్సిన ఖాళీ కలిపి అరవై మీటర్లు అనుకున్నా, దాటడానికి ముప్పావు నిమిషం పడుతుంది. ఆలోగా రెండూ పక్కపక్కనే ముప్పావు కిలోమీటరు పోతాయి. అంతసేపూ వెనక పదిహేను కార్లు తోకలా చేరతాయి. వాటిలో ఓపిక లేనివాడు ఎడమ నుంచి కట్ కొడతాడు. బస్సుకైనా లారీకైనా ఎడమ అద్దంలో కనపడని చోటు ఒకటుంటుంది, సరిగ్గా అక్కడికే వచ్చి దూరతాడు. దానికితోడు ఇండికేటర్ల గోల. కొందరు కుడి ఇండికేటర్ వేసి ‘దాటెయ్’ అంటారు, కొందరు అదే ఇండికేటర్ వేసి నిజంగానే కుడికి తిరుగుతారు. వెనకవాడు ఏమని అర్థం చేసుకోవాలి?

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదికే చెప్పింది. ఆ ఏడాది జరిగిన ప్రమాదాల్లో ఐదో వంతుకు పైగా వెనక నుంచి గుద్దినవే. ఈ రోడ్డు మీద నడిపినవాళ్ళకు అందులో వింతేమీ కనిపించదు. 80లో పోయే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ముందు బండి దాటిన కిలోమీటరు రాయిని మనం చేరేలోగా మూడు సెకన్లన్నా గడవాలని డ్రైవర్లకు చెబుతారు. ఆ మాత్రం ఖాళీ వదిలితే మన దగ్గర వెంటనే ఎవరో ఒకరు వచ్చి అందులో దూరతారు. అయినా వదలాల్సిందే.

రాంగ్ రూట్ బైకుల మీద కేసులు పెట్టాలంటారు. 184 సెక్షన్ ప్రకారం ఎదురు నడపడం ప్రమాదకరమైన డ్రైవింగే, జైలు శిక్ష కూడా ఉంది. కానీ డివైడర్ అవతల పొలం ఉన్న రైతు యూటర్న్ కోసం కిలోమీటర్ల కొద్దీ ముందుకు పోయి, మళ్ళీ అంతే వెనక్కి రావాలంటే రోజుకు ఎన్నిసార్లు పోతాడు? రోడ్డు వేసినప్పుడే ఊరి దగ్గర సర్వీసు రోడ్డు, అండర్‌పాస్ ఇచ్చి ఉండాల్సింది. వడ్ల సంగతీ అంతే. తేమ 17 శాతానికి దిగితేనే కొనుగోలు కేంద్రంలో తూకం వేస్తారు. కల్లం లేని రైతు ఎక్కడ ఆరబోస్తాడు? నల్లగా, వేడిగా ఉన్న సర్వీసు రోడ్డే కనిపిస్తుంది. రాత్రికి టార్పాలిన్ కప్పి చుట్టూ రాళ్ళు పెడతాడు. సర్వీసు రోడ్డు సగం మూసుకుపోతే ఆటోలు, బైకులు హైవే ఎక్కుతాయి. ఎక్కి ఎడమ లేన్‌లోనే పోతాయి. ఊరికో సిమెంటు కల్లం కట్టడం రోడ్డు భద్రత పని కాదని అనుకోకండి.

బెంగళూరు–మైసూరు హైవే మీద 2023 ఆగస్టు 1 నుంచి బైకులు, ఆటోలు, ట్రాక్టర్లను ప్రధాన రోడ్డు ఎక్కనివ్వడం లేదు. పక్కనే సర్వీసు రోడ్డు ఉంది కాబట్టి అది కుదిరింది. మనకు ఊళ్ళు, జంక్షన్లు వచ్చిన చోట తప్ప సర్వీసు రోడ్డు లేదు. కాబట్టి అలాంటి నిషేధం ఇక్కడ వెంటనే పెట్టమని నేను అడగను. పెడితే పల్లెలవాళ్ళకు పోవడానికి దారే ఉండదు.

ఆగిన బండ్లను మాత్రం ఇప్పుడే తీయించవచ్చు. ప్రమాదకరంగా బండి ఆపడాన్ని 122 సెక్షన్ ఎప్పటినుంచో తప్పంటోంది. లారీలు ఆపుకోవడానికి రోడ్డు పక్కన వేరే జాగాలు, లేబైలున్నాయి. అయినా రాత్రిపూట డ్రైవర్లు అక్కడ ఆపరు, చీకట్లో ట్యాంకులో డీజిల్ దొంగిలిస్తారని భయం. లైట్లున్న ధాబా ముందు, సగం బండి రోడ్డు మీదే ఉంచి నిద్రపోతారు. లేబైలో నాలుగు లైట్లు, ఒక కాపలాదారు, నీళ్ళు, మరుగుదొడ్డి ఉంటే ఆ బండ్లు అక్కడికే పోతాయి. ఇంత టోల్ కట్టే రోడ్డు మీద ఇది పెద్ద కోరికా? బండి ఆగిపోయిందని హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేస్తే క్రేను వస్తుంది. ఆ నంబర్ పెద్ద బోర్డుల మీద, రాత్రి కూడా కనపడేలా, తెలుగులోనూ హిందీలోనూ రాయించాలి. ఈ రోడ్డు మీద తిరిగే లారీ డ్రైవర్లలో హిందీ మాట్లాడేవాళ్ళు తక్కువేమీ కాదు.

ఇవన్నీ చేశాక, ఎడమ లేన్ ఖాళీగా ఉండగా కూడా కుడి లేన్ వదలని లారీకి, బస్సుకి, కారుకి నిక్షేపంగా చలానా వేయండి. కెమెరాలు పెట్టి వేసినా నాకు అభ్యంతరం లేదు. బస్సులకు మినహాయింపు కూడా అడగను.

సంక్రాంతికి పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్ల దగ్గర ఏటా అదనంగా పోలీసులను, సిబ్బందిని పెడుతున్నారు. గేటు దగ్గర క్యూ తగ్గించడానికి అంత కష్టపడేవాళ్ళు, ఈసారి రెండు క్రేన్లు, రెండు పెట్రోలింగ్ బండ్లు చిట్యాల నుంచి సూర్యాపేట దాకా ఎడమ లేన్ మీదే తిప్పుతూ, ఆగిన ప్రతి బండిని పక్కకు తీయించాలి. రోడ్డు మీద వదిలేసిన రాళ్ళను కూడా వాళ్ళే ఏరించాలి. దీనికి కొత్త చట్టం, కొత్త టెండరు ఏదీ అక్కర్లేదు. రెండు జిల్లాల పోలీసు అధికారులు, హైవే అథారిటీవాళ్ళు ఒకరోజు కూర్చుని మాట్లాడుకుంటే చాలు.

ఇట్లు,
ఓ రిటైర్డ్ బస్సు డ్రైవర్,
సూర్యాపేట