చిప్పు సరే, చుట్టూ జిగురు మాటేమిటి?

సంపాదకుల వారికి,

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి మైక్రోసిస్టమ్స్‌లో (చిప్పు మీద కట్టే చిన్న సెన్సర్ల వంటి పరికరాల చదువులో) పీహెచ్‌డీకి వెళ్లే ఈసీఈ పిల్లల్లో కొందరు ‘రొయ్యల గుంటకు పీహెచ్ చిప్’ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచే చిప్పు) లాంటి అంశాలు ఎంచుకుంటున్నారు. మంచిదే. కానీ మొదటి రెండేళ్లూ ట్రాన్సిస్టరు గీయడంలోనే గడిపేస్తున్నారు. ఈ పనిలో ట్రాన్సిస్టరే తేలిక.

దీనికి వాడే ఐఎస్‌ఫెట్‌ను (నీటిలోని అయాన్లకు స్పందించే ట్రాన్సిస్టరును) 1970లో నెదర్లాండ్స్‌కు చెందిన పీట్ బెర్గ్‌వెల్డ్ ప్రకటించారు. మామూలు ట్రాన్సిస్టరైన మాస్‌ఫెట్‌లో కరెంటును అదుపు చేసే గేటు మీది లోహం తీసేసి, ఆ చోట నీళ్లు తగలనివ్వడమే కిటుకు. పీహెచ్ ఒకటి మారితే 25 డిగ్రీల దగ్గర మహా అయితే 59 మిల్లీవోల్టులు వస్తాయి. గేటు మీద నీళ్లు తగిలే పొర ఉత్త సిలికాన్ డయాక్సైడ్ అయితే అంత రాదు, టాంటలం పెంటాక్సైడ్ పొర వేస్తే దాదాపు వస్తుంది. గుంటలో తెల్లవారుజాముకీ సాయంత్రానికీ పీహెచ్ తేడా అర దాటకూడదంటారు. అంటే 30 మిల్లీవోల్టులు. చిప్పు రీడింగు గంటకు ఒక్క మిల్లీవోల్టు జారినా రోజుకు 24! ఇక సున్నం చల్లాలో వద్దో రైతు దేన్ని చూసి తేల్చుకోవాలి?

రెండో చిక్కు రిఫరెన్స్ ఎలక్ట్రోడ్, అంటే చిప్పు వోల్టేజీని పోల్చి చూడటానికి నీళ్లలో పెట్టే స్థిరమైన కొస. ఖర్చు తగ్గుతుందని సిల్వర్ క్లోరైడ్ పూసిన వెండి తీగను నేరుగా నీళ్లలో పెడతారు. కొత్తపట్నం వైపో, ఇందుకూరుపేట వైపో ముసురు పట్టి గుంటలో ఉప్పదనం సగానికి పడిందనుకోండి. నీటి పీహెచ్ కదలకపోయినా రీడింగు 18 మిల్లీవోల్టులు, అంటే పీహెచ్ 0.3 మారినట్టు చూపిస్తుంది. తీగను పొటాషియం క్లోరైడ్ ద్రావణం ఉన్న గొట్టంలో పెట్టి, సన్నని పోరస్ మూత ద్వారానే నీటిని తాకనివ్వాలి. ఎండ సంగతి వేరే. ల్యాబులో చీకటి పెట్టెలో బుద్ధిగా పనిచేసిన చిప్పు మధ్యాహ్నం వెలుతురుకే తప్పు చెబుతుంది.

అసలు పరీక్ష ప్యాకేజింగ్, అంటే చిప్పును నీళ్లు చొరకుండా మూయడం. చిప్పును బయటి సర్క్యూటుకు కలిపే 25 మైక్రాన్ల బంగారు తీగలన్నీ ఎపాక్సీ జిగురు కింద మునగాలి, గేటు కిటికీ మాత్రం తెరిచి ఉండాలి. లేఅవుట్‌లో (చిప్పు నక్షాలో) ప్యాడ్లను, అంటే ఆ తీగలు అతికే చోట్లను, గేటుకు ఆనించి గీస్తే జిగురు పారి గేటును మూసేస్తుంది. జిగురు తగ్గిస్తే ఉప్పునీరు అంచు కిందుగా పాకి ప్యాడ్ల దగ్గర షార్ట్ అవుతుంది. అందుకే గేటును చిప్పు ఒక కొసన, ప్యాడ్లన్నిటినీ ఎదుటి కొసన పెట్టాలి. టేపవుట్‌కు (నక్షాను తయారీకి పంపడానికి) ముందు పట్టించుకోకపోతే కొత్త చిప్పు కోసం మళ్లీ నెలల తరబడి కాచుకోవాలి.

కాబట్టి చేరేముందే గైడ్‌ను అడగండి: టేపవుట్ ఎప్పుడు, డబ్బు ఏ ప్రాజెక్టుది, వైర్ బాండర్ (ఆ బంగారు తీగలు అతికించే యంత్రం) మన ల్యాబులో ఉందా, క్లీన్‌రూమ్‌లో (చిప్పులు చేసే దుమ్ము లేని గదిలో) నెలకు ఎన్ని స్లాట్లు? స్థానిక కాలేజీల్లో పీహెచ్‌డీ చేసేవాళ్లు కూడా ఐఎన్‌యూపీ (ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్) పథకం కింద ఐఐఎస్‌సీ, మద్రాసు ఐఐటీ వంటి చోట్ల క్లీన్‌రూమ్ శిక్షణకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పరిశోధకులకిచ్చే జూనియర్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ (ఎస్‌ఆర్‌ఎఫ్) అయ్యాక 42,000. ఈలోగా ఫైనలియర్ పిల్లలు ఉచితంగా దొరికే ఎన్‌జీస్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఐఎస్‌ఫెట్ నమూనా కట్టి, గంటకు మిల్లీవోల్టు జారుడు కలిపి, రోజు మొత్తానికి రీడింగు ఎటు పోతుందో చూడొచ్చు. ఒక్క సాయంత్రం పని.

ఎలక్ట్రానిక్స్ అధ్యాపకులు,
కావలి