మావయ్య స్పెక్ట్రమ్‌లో అయిదో చిప్పు

ఒరేయ్ బావా,

మావయ్య మా అటక మీద వదిలేసి వెళ్ళిన స్పెక్ట్రమ్, అదేరా ఆ పాత సింక్లెయిర్ కంప్యూటర్, బాగైందిరా! సగం కాదు, మొత్తం 48కే మెమరీతో. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతానని కూర్చుని రాస్తున్నాను.

పర్లాకిమిడి వానల్లో అన్నేళ్ళు ట్రంకుపెట్టెలో ఉంది కదా, కీబోర్డు పొర అప్పడంలా విరిగిపోయింది. కొత్తది తెప్పించి వేశాను. ఆన్ చేస్తే పాత టీవీలో 1982 సింక్లెయిర్ అన్న లైను చక్కగా వచ్చింది. హమ్మయ్య అనుకుని, మెమరీలో చివరి గడి నంబరు ఎంతో చూద్దామని ప్రింట్ పీక్ 23732 + 256 * పీక్ 23733 కొట్టాను (పీక్ అంటే ఆ నంబరు గడిలో ఏముందో చూపించమని). 65535 రావాలి. 32767 వచ్చింది. అంటే దానికి 16కే మాత్రమే కనబడుతోంది, పై 32కే లేనట్టే.

బజారులో రేడియోలు బాగుచేసే పెద్దాయనకి చూపిస్తే, "పై మెమరీ చిప్పులు ఎనిమిదీ మార్చెయ్ బాబూ" అన్నారు ఒడియాలో. నాకు టెన్షన్ పట్టుకుంది. ఎనిమిది చిప్పులంటే 128 కాళ్ళు. ఇంత పాత బోర్డుకి అన్నిచోట్ల వేడి తగిలితే రాగి గీతలు ఊడి వచ్చేస్తాయి.

ముందు వోల్టేజీలు చూశాను. కింది 16కే చిప్పులకి 5, 12, మైనస్ 5 మూడూ కావాలి. మైనస్ 5 పోయిందా, ఆ చిప్పులు పాడైపోతాయి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

అప్పుడు వెలిగింది. ఆన్ చెయ్యగానే ఈ మెషీన్ మెమరీ అంతా 2 అనే అంకెతో నింపి, కింద నుంచి ఒక్కో గడీ సరిచూసుకుంటూ పోతుంది. ఎక్కడ తేడా వస్తే అక్కడితో మెమరీ అయిపోయిందనుకుంటుంది. ఒక్కో బైటులో ఎనిమిది బిట్లు, ఒక్కో బిట్టు ఒక్కో చిప్పులో. ఎనిమిది మంది బోయీల్లో ఒక్కడు కూలబడ్డా పల్లకీ ఆగిపోయినట్టే.

అందుకని పోక్ 40000, 0 కొట్టి, అంటే పై 32కేలోని ఆ గడిలో సున్నా పెట్టి, వెంటనే పీక్ చేశాను. సున్నా రావాల్సిన చోట 16. 50000లోనూ 16. 255 పెడితే మాత్రం 255 వచ్చింది. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు... అయిదో బిట్టు ఎప్పుడూ ఒకటి దగ్గరే బిగుసుకుపోయింది. అంటే బోర్డు మీద ఐసీ 19 అని రాసి ఉన్న చిప్పు! వేలు పెట్టి చూస్తే పక్కవాటికంటే వేడిగా కూడా లేదు. ముట్టుకుని చూసి ఉంటే ఎన్నటికీ దొరికేది కాదు.

కాళ్ళన్నీ కత్తిరించేసి, ఒక్కో ముక్కా వేడిచేసి పట్టకారుతో లాగాను. అమ్మ టార్చి పట్టుకుంది. సాకెట్ వేసి 4164 అనే 64కే మెమరీ చిప్పు పెట్టాను. అసలు అందులో ఉన్నవి కూడా 64కే చిప్పులేరా, ఒక సగం చెడిపోతే మంచి సగాన్ని 32కేగా అమ్మినవి! చవకగా ఇవ్వడానికి అలా వాడారు. ఎంత తెలివో చూడు.

రాత్రి పదకొండింటికి 65535 వచ్చింది. అమ్మకి ఏమీ అర్థం కాకపోయినా, నా మొహం చూసి పాయసం వండేస్తానంది.

మావయ్యకి ఇప్పుడే చెప్పకు. దసరాకి వచ్చినప్పుడు ఆయన చేత్తోనే ఆన్ చేయించాలి. మీ బీరువాలో ఆయన కేసెట్లు ఉన్నాయి కదా, అన్నీ పట్టుకురా. టేప్‌రికార్డర్ హెడ్ తుడిచి సిద్ధంగా ఉంచాను.

నీ బావ